అవ్వకు వీసా వచ్చింది, నాకు రాదు: ఇటలీ చట్టంల 'కుటుంబం' అంటే ఎవలు?

"అన్నా, గిది నిజమేనా జర జూడు" అనుకుంట మా పక్కూరి పోరడు మొన్న ఫోన్ నా చేతుల పెట్టిండు. వాట్సాప్‌ల వచ్చిన ఫొటో. మీద ఇటలీ జెండా. కింద ఇట్ల రాసి ఉన్నది: "ఇటలీల మీ సొంతోళ్లకు సిటిజన్‌షిప్ ఉన్నదా? అన్న, తమ్ముడు, బావ, బామ్మర్ది ఎవలైనా సరే. ఫ్యామిలీ వీసా గ్యారంటీ. ఎనిమిది లక్షలు. అయిదేండ్లల్ల మీరు గూడ సిటిజన్." ఆ పోరని బావ ఇటలీల ఉంటడు, పోయినేడు అక్కడి పాస్‌పోర్టు వచ్చింది. పోరడు ఎకరం భూమి బేరం పెట్టేటందుకు తయారైండు.

నన్నెందుకు అడిగిండంటే, మా అన్న ఇటలీ పౌరుడు. మా అవ్వ ఇప్పుడు అన్న దగ్గర్నే ఉంటది, గదే ఫ్యామిలీ వీసా మీద పోయింది. నేను పోలేదు, నాకు ఆ వీసా రాదు. ఆ సంగతి తెల్వక నేను గూడ ఒక దళారికి పైసలు కట్టి మునిగిన. అందుకే గీ ముచ్చట రాస్తున్న. ఇటలీ పౌరుని సుట్టానికి వీసా ఎట్ల వస్తది, ఎవలికి వస్తది, ఎవలికి రాదు, మేం పడ్డ తిప్పలతోని కలిపి చెప్త.

అన్న ఎట్ల పౌరుడైండు

మాది జగిత్యాల జిల్లా. మా దిక్కు ఇంటికొకలు గల్ఫ్‌ల ఉంటరు. అన్న గూడ ముందుగాల కువైట్ పోయిండు. ఆడ కలిసిన పంజాబీ దోస్తుల ఎంబడి ఇటలీ పోయిండు. ఉత్తర ఇటలీల పో అనే పెద్ద నది ఉన్నది. ఆ మైదానంల పాడి మస్తుగుంటది. క్రెమోనా, మాంతోవా, బ్రెషా జిల్లాల పశువుల కొట్టాలల్ల పనిచేసేటోళ్లల్ల పంజాబీ సిక్కులు చానమంది. పేరున్న గ్రానా పదానో చీజ్‌కు పాలు ఆ దిక్కుకెళ్లే పోతయి. క్రెమోనా జిల్లా పెస్సీనాల 2011ల పెద్ద గురుద్వారా సుత కట్టుకున్నరు. మా అన్న పనిచేసే కొట్టంల తెలుగోడు ఆయన ఒక్కడే.

మొదట కాయితాలు లేకుండనే ఉన్నడు. 2002ల ఇటలీ సర్కారు వలస చట్టం మార్చినప్పుడు, కాయితాలు లేని పనోళ్లను రెగ్యులర్ చేసింది. ఆరు లక్షల మందికి పైనే గట్ల బయటపడ్డరు. అన్న అందులొకడు. తెల్లారగట్ల మూడింటికి లేచి పాలు పిండుడు, పెండ తీసుడు, మళ్ల సాయంత్రం పాలు పిండుడు. పదేండ్లు దాటినంక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టిండు. అది గూడ ఏండ్లకేండ్లు నానింది. ఆఖరికి 2021ల కమూనేల ప్రమాణం చేసిండు. కమూనే అంటే అక్కడి మునిసిపాలిటీ. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, గందుకే భారత పాస్‌పోర్టు అప్పజెప్పిండు. ఇప్పుడు ఓసీఐ కార్డు మీద వచ్చిపోతుంటడు.

ఈ తారీఖులన్నీ ఎందుకు చెప్తున్ననంటే, మా అవ్వ వీసా మొత్తం అన్న పౌరుడైన ఆ దినం మీదనే ఆధారపడ్డది.

ఇటలీల ఉండుడు వేరు, ఇటలీ పౌరుడగుడు వేరు

చానమంది ఈడనే పొరబడుతరు. "మా మామ ఇటలీల ఇరువై ఏండ్ల సంది ఉంటుండు" అంటరు. ఉంటే సరిపోదు. ఆయన చేతుల ఉన్నది భారత పాస్‌పోర్టా, ఇటలీ పాస్‌పోర్టా అన్నది ముందు చూడాలె. రెండిటికి రెండు చట్టాలు.

భారత పాస్‌పోర్టు మీదనే, పర్మిట్ పెట్టుకొని అక్కడ ఉన్నోళ్లకు 1998 నాటి 286వ నంబరు వలస చట్టం వర్తిస్తది. వాళ్లు కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే ముందు అక్కడి ప్రిఫెత్తూరాల, అంటే మన కలెక్టరేట్ అసొంటి ఆఫీసుల, 'నుల్లా ఓస్తా' అనే అనుమతి తీసుకోవాలె. దానికి ఏడాది ఆదాయం ఇంత ఉండాలె అని లెక్క ఉంటది, ఇల్లు ఇంత పెద్దగుండాలె అని కొలత ఉంటది. మనిషి పెరిగినకొద్ది ఆదాయం లెక్క పెరుగుతది. 2024 ఆఖరుల ఇంకో షరతు కలిపిన్రు: పిలిపించుకునేటాయన అక్కడ రెండేండ్లు సక్కగ కాయితాల మీద ఉండి ఉండాలె. మైనర్ పిల్లలకు మాత్రం ఈ రెండేండ్ల షరతు లేదు. మా వదిన, పిల్లలు 2006ల ఈ నుల్లా ఓస్తా తొవ్వల్నే పోయిన్రు.

తల్లిదండ్రుల కాడికి వచ్చేసరికి ఆ చట్టం ఇంకా గట్టిగుంటది. సొంత దేశంల వేరే కొడుకులు, బిడ్డలు ఉంటే తల్లిని పిలిపించుకునుడు కుదరదు. తల్లికి 65 ఏండ్లు దాటి ఉండి, ఇక్కడున్న పిల్లలు పెద్ద రోగాలతోని ఆమెను సాదలేని స్థితిల ఉన్నరని కాయితం చూపిస్తేనే కుదురుతది.

2016ల మా బాపు పోయిండు. అవ్వకు మోకాళ్ల నొప్పి, షుగరు. అన్న అవ్వను తీసుకపోత అన్నడు. అడిగితే తేలిందేందంటే, నేనుండుడే అడ్డం. కొడుకు ఇక్కడ ఉన్నడు కాబట్టి తల్లి దిక్కులేనిది కాదు అని చట్టం లెక్క. అప్పుడే మా మండల కేంద్రంల ఒక దళారి ఉపాయం చెప్పిండు. "ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌ల నీ పేరు తీసేద్దాం. మీ అన్న ఒక్కడే కొడుకు అని రాపిద్దాం. యాభై వేలైతది." నేను ఆ మాట ఇంట్ల చెప్పిన. అవ్వ అరుగు మీద కూసొని చిక్కుడుకాయలు ఒలుస్తుంది. చేతిల పని ఆపి, "బతికున్న కొడుకును లేడని ఎట్ల రాపిస్తర్రా?" అన్నది. గంతే. ఆ ముచ్చట అక్కడ్నే బందైంది.

బందైందే మంచిదైంది. దొంగ కాయితం దొరికితే ఆ వీసా పోవుడే కాదు, అన్న పర్మిట్, పెట్టబోయే పౌరసత్వం దరఖాస్తు అన్నీ అనుమానంల పడేటియి.

చట్టం గీసిన గీత

అన్న పౌరుడైనంక లెక్క మారింది. ఇటలీ పౌరుల కుటుంబానికి 2007 ఫిబ్రవరి 6 నాటి 30వ నంబరు డిక్రీ వర్తిస్తది. అది 2004ల ఐరోపా యూనియన్ తెచ్చిన నియమాలకు ఇటలీ చేసుకున్న చట్టం. ఇటలీ పౌరుల కుటుంబానికి గూడ అది వర్తిస్తదని అందుల్నే 23వ ఆర్టికల్‌ల రాసి ఉన్నది.

ఈ చట్టంల కుటుంబం అంటే వీళ్లు:

ఒకటి, భార్య లేకుంటే భర్త. 2016ల వచ్చిన 76వ చట్టం కింద రిజిస్టరైన స్వలింగ జంటలకు గూడ గదే హక్కు.

రెండు, పిల్లలు. 21 ఏండ్ల లోపు ఉన్నోళ్లు. 21 దాటితే తల్లిదండ్రుల మీద ఆధారపడి బతుకుతున్నట్టు చూపియ్యాలె. భార్య పిల్లలైనా, భర్త పిల్లలైనా లెక్కల్నే ఉంటరు.

మూడు, తల్లిదండ్రులు. పౌరుని మీద ఆధారపడి ఉండాలె. అత్తమామలు గూడ ఇందుల్నే వస్తరు.

గంతే. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెండ్లు లేరు. బావ, బామ్మర్ది, మేనల్లుడు, చిన్నాయిన కొడుకు ఎవలూ లేరు. మన ఊర్లల్ల పిల్లలు లేనోళ్లు తమ్ముని కొడుకును తెచ్చి సాదుకుంటరు. సాదుకున్న కొడుకు అంటే చట్టం ఒప్పుకోదు, చట్టప్రకారం దత్తత అయి ఉండాలె.

మన కాడ కుటుంబం అంటే ఒక్క పొయ్యి మీద వండుకున్నోళ్లంత కుటుంబమే. పెండ్లి కార్డు మీద 'సకుటుంబ సపరివార' అని రాస్తం. ఇటలీ చట్టంల పరివారం లేదు. కోపమొచ్చినా సరే, పైసలు కట్టకముందు ఈ గీత ఎక్కడున్నదో తెలుసుకోవాలె.

నిజం చెప్పాలంటే ఆ చట్టంల ఇంకో చిన్న కిటికీ ఉన్నది. మూడో ఆర్టికల్‌ల 'ఇతర కుటుంబ సభ్యులు' అని రాసిన్రు. సొంత దేశంల ఆ పౌరుని మీదనే ఆధారపడ్డోళ్లు, లేకుంటే ఆయనతోని ఒకే ఇంట్ల ఉన్నోళ్లు, లేకుంటే పెద్ద రోగం ఉండి ఆ పౌరుడే స్వయంగ చూసుకోవాల్సినోళ్లు. వీళ్ల రాకకు సర్కారు వీలు కల్పియ్యాలె అని ఉన్నది. కానీ ఇది మొదటి మూడు రకాల లెక్క హక్కు కాదు. ప్రతి కేసు లోతుగ చూస్తరు. భూమి ఉండి, పని చేసుకుంట, పెండ్లాం పిల్లలతోని బతుకుతున్న నా అసొంటోడు ఇందుల పట్టడు. దళారులు ఈ ఒక్క మాటనే పట్టుకొని "బ్రదర్ కోటా" అని అమ్ముతున్నరు. బ్రదర్ కోటా అనేది ఎక్కడ లేదు.

నేనెట్ల మునిగిన

అన్న ప్రమాణం చేసిన్నాడు ఫొటో పంపిండు. మెడల టై, చేతుల కాయితం. ఊరంత చూసిన్రు, దళారి గూడ చూసిండు. అయిదేండ్ల కింద నా పేరు తీసేస్త అన్న మనిషే, ఈసారి "నీ పేరు పెడత, నిన్ను గూడ పంపిస్త" అన్నడు. ఏడు లక్షలు. ముందుగాల లక్షన్నర కట్టాలె. చిట్టి ఎత్తి కట్టిన. అన్నకు చెప్పలే. చెప్తే వద్దంటడని భయం, పోయినంక చెప్పి ఖుష్ చేద్దామని ఆశ.

ఎనిమిది నెలలు "ఫైలు నడుస్తుంది" అన్నడు. ఒకసారి ఇటలీ భాషల ఉన్న కాయితం ఫొటో పెట్టిండు. దాని మీద స్టాంపు ఉన్నది, ముద్ర ఉన్నది. నేను ఆగలేక అన్నకు పంపిన. అన్న గంటకు ఫోన్ చేసిండు. "గిది కరెంటు కనెక్షన్ దరఖాస్తురా" అన్నడు. ఎన్నడు నన్ను తిట్టని మనిషి, ఆ దినం చానసేపు మాట్లాడలే. తర్వాత ఊరి పెద్దమనుషులను కూసోపెడితే దళారి అరువై వేలు వాపస్ ఇచ్చిండు. మిగిలిన తొంభై వేలు పోయినయి. పోలీసులకు దరఖాస్తు ఇచ్చేటందుకు నా చేతుల ఒక్క రశీదు గూడ లేకపాయె.

అవ్వ కాయితాలు

అన్న అన్నడు: "నీకు రాదు. అవ్వకు వస్తది. ఇద్దరం కలిసి అవ్వ పని చేద్దాం." పని మొదలుపెట్టినంక తెలిసింది, అసలు కొట్లాట ఇటలీతోని కాదు, మన కాయితాలతోని అని.

మొదటిది, సుట్టరికం రుజువు. అవ్వ అన్నకు తల్లి అని చూపాలంటే అన్న జనన సర్టిఫికెట్ కావాలె, దాంట్ల తల్లి పేరు ఉండాలె. అన్న 1974ల ఇంట్లనే పుట్టిండు, మంత్రసాని చేతుల. పంచాయతీ రిజిస్టర్ల పేరు లేదు. మీసేవల లేటు రిజిస్ట్రేషన్‌కు పెట్టి, విచారణ అయి, ఆర్డీవో ఆఫీసు ఆర్డరు వచ్చి, సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి అయిదు నెలలు పట్టింది. తమ్ముడూ, చెల్లె, మీ ఇంట్ల అమ్మనాయినల, అన్నదమ్ముల జనన సర్టిఫికెట్లు లేకుంటే ఇటలీకి పోయినా పోకపోయినా ఇప్పుడే పెట్టుండ్రి.

రెండోది, పేరు. మన ఇంటిపేరు ముందుంటది, వాళ్ల ఇంటిపేరు వేరే గళ్లల ఉంటది. రేషన్ కార్డుల రాజవ్వ అని ఉన్నది ఆధార్‌ల రాజు అయితది, బ్యాంకుల రాజమ్మ అయితది. ఒక కాడ ఇంటిపేరు మొత్తం, ఇంకో కాడ ఒక్క అక్షరం. ఆడోళ్లకైతే పుట్టింటి ఇంటిపేరు ఒక కాడ, అత్తింటిది ఇంకో కాడ. పరదేశం ఆఫీసర్‌కు వీళ్లు ముగ్గురు మనుషులు. "ముగ్గురూ ఒక్కరే" అని అఫిడవిట్ రాపిచ్చుడు ఒక తొవ్వ. దానికన్న ముందు ఆధార్ సరిచేసి, దాన్ని బట్టి పాస్‌పోర్టు తీసి, మిగిలినయన్నీ పాస్‌పోర్టు పేరుకు కలుపుడు మంచిది. మేం గట్లనే చేసినం.

మూడోది, ఆధారపడ్డట్టు రుజువు. ఇక్కడ మేం చేసిన తప్పు మీరు చేయకుండ్రి. అన్న ఇరువై ఏండ్ల సంది పైసలు పంపుతుండు. పంపింది ఎవలి ఖాతాకు? నా ఖాతాకు. అవ్వకు బ్యాంకు పోవుడు చాతగాదని. కాయితం ప్రకారం చూస్తే అన్న నన్ను సాదుతున్నట్టు ఉన్నది, అవ్వను సాదుతున్నది నేనన్నట్టు ఉన్నది. అప్పటికెళ్లి అన్న నెలనెలా అవ్వ ఖాతాకే సక్కగ పంపుడు మొదలుపెట్టిండు. అవ్వ మందుల బిల్లులు, దవాఖాన చీటీలు దాచిపెట్టినం. రెండేండ్లు అట్ల జమచేసినం. "రెండేండ్లు" అని చట్టంల ఏమీ లేదు, మా రికార్డు గట్టిగ కనిపియ్యాలెనని మేం ఆగినం.

అవ్వకు ఆసరా పింఛను 2,016 రూపాయలు వస్తది. అది ఉంటే ఆధారపడ్డట్టు కాదంటరేమో అని భయపడ్డం. దీని మీద ఐరోపా న్యాయస్థానం 2007 జనవరిల 'జియా' అనే కేసుల చెప్పిన తీర్పు ఉన్నది. సొంత దేశంల ఆ మనిషి తన మామూలు బతుకు అవసరాలు తానే తీర్చుకోలేక, ఆ కుటుంబ సభ్యుని సాయం నిజంగ కావాల్సి వస్తుందా అన్నది చూడాలె అని. పింఛను రెండు వేలు, మందులకే మూడు వేలు. మా లెక్క తేటగనే ఉన్నది. ఉత్తగ "నేను మా అమ్మను సాదుత" అని రాసిస్తే మాత్రం చాలదు, నిజంగ పంపుతున్నట్టు కనిపియ్యాలె.

నాలుగోది, ముద్రలు. మన సర్టిఫికెట్లను ఇటలీ ఒప్పుకోవాలంటే 'అపోస్టిల్' పడాలె. ముందు రాష్ట్ర స్థాయిల అటెస్టేషన్, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్. హైదరాబాద్‌ల ఉన్న ఆ శాఖ బ్రాంచ్ ఆఫీసులనే అయితది. సర్కారు ఫీజు ఒక్క కాయితానికి 50 రూపాయలు, కాయితాలు జమ చేసుకునే ఏజెన్సీ ఛార్జి కొంచెం వేరే. మాకు ఒకాయన కాయితానికి ఆరు వేలు అడిగిండు. అపోస్టిల్ పడ్డంక సర్టిఫికెట్‌ను ఇటలీ భాషలకు తర్జుమా చేపియ్యాలె. ముందు తర్జుమా చేపిచ్చి తర్వాత ముద్రలకు తిరిగితే తర్జుమా మళ్ల చేపియ్యాల్సి వస్తది.

అన్న దిక్కుకెళ్లి ఆయన గుర్తింపు కాయితం నకలు, అక్కడ నివాసం ఉన్నట్టు రుజువు, "మా తల్లి నా మీద ఆధారపడ్డది, నా ఇంట్ల ఉంటది" అని సంతకం చేసిన డిక్లరేషన్ వచ్చినయి. ఏమేం కాయితాలు కావాలెనో ఇటలీ కాన్సులేట్ వెబ్‌సైట్‌ల జాబితా ఉంటది. అది మారుతుంటది, కాబట్టి దరఖాస్తు పెట్టే వారం ముందు మళ్ల ఒకసారి చూసుకోవాలె.

వీసా ఫీజు సున్నా

ఇది గట్టిగ యాదిపెట్టుకోండ్రి. ఇటలీ పౌరుని కుటుంబ సభ్యునికి వీసాకు ఫీజు లేదు. 2007 డిక్రీల అయిదో ఆర్టికల్‌ల స్పష్టంగ ఉన్నది: వీసా ఉచితంగ ఇయ్యాలె, మిగిలిన దరఖాస్తుల కన్న ముందుగాల చూడాలె. నుల్లా ఓస్తా అక్కరలేదు. పర్మిట్ మీద ఉన్నోళ్లకు పెట్టే ఆదాయం లెక్క, ఇల్లు కొలత ఇక్కడ ఉండయి. దరఖాస్తు తీసుకునే సెంటర్ వాళ్లు తమ సర్వీసుకు ఏమన్న తీసుకుంటే దానికి రశీదు ఉంటది. మాకు ఖర్చైంది కాయితాలకు, తర్జుమాకు, బస్సు ఛార్జీలకు, విమానం టికెట్టుకు. అన్నీ కలిపినా దళారి అడిగిన దాంట్ల పదో వంతు గూడ కాలే.

అధికారి అవ్వను అడిగినయి మామూలు ప్రశ్నలు. పెద్ద కొడుకు ఏం పని చేస్తడు, ఎన్నేండ్ల సంది ఉంటుండు, పైసలు ఎట్ల పంపుతడు, మనుమలు ఎంతమంది. అవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇక్కడ ఇంకో కొడుకు ఉన్నడా?" అంటే "ఉన్నడు, ఈనే తోలుకొచ్చిండు, బయట కూసున్నడు" అన్నది. ఏడేండ్ల కింద నా పేరు తీసేసి ఉంటే ఈ ప్రశ్నకు అవ్వ ఏం చెప్పేదో.

ఒకవేళ వీసా కాదంటే, ఎందుకు కాదో కారణం రాసి కాయితం ఇస్తరు. దాన్ని పారేయకుండ్రి. కుటుంబ వీసా కొట్టేస్తే ఇటలీల మామూలు సివిల్ కోర్టుకు, అంటే త్రిబునాలేకు, పోయే హక్కు ఉన్నది. అక్కడున్న మీ మనిషి వకీలును పెట్టుకోవచ్చు. కాయితంల తక్కువైంది ఏందో చూసి సరిచేసి, మళ్ల దరఖాస్తు పెట్టొచ్చు.

దిగినంక

వీసా ముద్ర పడ్డదంటే పని అయిపోయినట్టు కాదు. వీసా దేశంలకు పోయేటందుకే. ఉండేటందుకు పర్మిట్ కావాలె. దిగిన ఎనిమిది పని దినాలల్ల దానికి దరఖాస్తు పెట్టాలె. చూసేది క్వెస్తూరా, అంటే జిల్లా పోలీసు పెద్దాఫీసు. పోలీసు అనంగనే భయపడొద్దు, అక్కడ పరదేశీల కాయితాలు వాళ్లే చూస్తరు.

2023 ఆగస్టుకెళ్లి ఇక్కడ ఒక మార్పు వచ్చింది. ఇటలీల్నే ఉన్న ఇటలీ పౌరుల కుటుంబానికి 'ఇటలీ పౌరుల కుటుంబ సభ్యుల పర్మిట్' అని వేరేగ ఇస్తున్నరు. అయిదేండ్లకు ఇస్తరు, మళ్ల రెన్యూవల్ చేసుకోవచ్చు, దాని మీద పని గూడ చేసుకోవచ్చు. ఐరోపాల వేరే దేశంల ఉండి వచ్చిన ఇటలీ పౌరుల కుటుంబానికి మాత్రం పాత తీరుగ ఐరోపా కార్డు ఇస్తరు. మా అవ్వ 2024 మొదట్ల పోయింది, ఆమెకు అయిదేండ్ల పర్మిట్ వచ్చింది.

పెండ్లి తొవ్వ, అయిదేండ్ల మాట

ఇటలీ పౌరుని లేకుంటే పౌరురాలిని పెండ్లి చేసుకున్నోళ్లకు వీసా హక్కు ఉన్నది. గుడిల తాళి కట్టిన ఫొటో చాలదు. ఇక్కడ పెండ్లి రిజిస్టర్ కావాలె, ఆ సర్టిఫికెట్ అక్కడి కమూనే రిజిస్టర్ల ఎక్కాలె. ఇది చూసి దొంగ పెండ్లిండ్లు అమ్మేటోళ్లు సుత తయారైన్రు. దేశంలకు పోయేటందుకే చేసుకున్న పెండ్లి అని తేలితే వీసా ఇయ్యరు, ఇచ్చిన పర్మిట్ గూడ గుంజుకుంటరు. ముఖ్యంగ ఆడపిల్లల తల్లిదండ్రులకు చెప్తున్న: ఎదుటోని పాస్‌పోర్టు, కమూనే కాయితం చూడకుండ పెండ్లి ఖాయం చేయకుండ్రి.

ఇగ "అయిదేండ్లల్ల సిటిజన్" మాట. ఐరోపా బయటోళ్లకు ఇటలీ పౌరసత్వానికి పదేండ్ల నివాసం కావాలె, 1992 నాటి 91వ చట్టం ప్రకారం. దాన్ని అయిదేండ్లకు తగ్గియ్యాలెనని 2025 జూన్ 8, 9 తారీఖుల్ల ఓటింగ్ పెట్టిన్రు. సగం మంది గూడ ఓటుకు రాలే, అది చెల్లలే. పదేండ్లు పదేండ్లే. ఇటలీ పౌరుని భార్యకో, భర్తకో మాత్రం పెండ్లైనంక అక్కడ రెండేండ్లు ఉంటే దరఖాస్తు పెట్టే వీలున్నది, ఇక్కడ ఉంటే మూడేండ్లు, పిల్లలుంటే అందుల సగం. దానికి ఇటలీ భాషల బీ1 అనే స్థాయి పరీక్ష పాస్ గావాలె.

మరి తమ్ముళ్లకు తొవ్వ లేదా?

ఉన్నది, అది కుటుంబం తొవ్వ కాదు. పని వీసా కోటా ప్రతి ఏడాది తీస్తరు. 2026కెళ్లి 2028 దాక మూడేండ్లకు 4,97,550 మందికని ఇటలీ నిర్ణయించింది. దానికి అక్కడి యజమాని దరఖాస్తు పెట్టాలె. ఇందుల సుత మోసాలు మస్తు, లేని యజమాని పేరు మీద పైసలు గుంజుతరు. పోయినంక కాయితాలు లేకుండ ఉండాల్సి వస్తే బతుకెట్లుంటదో చెప్పేటందుకు సత్నాం సింగ్ పేరు చాలు. 2024 జూన్‌ల లాతీనా జిల్లా పొలంల మిషిన్ల పడి చెయ్యి తెగితే, యజమాని ఆయనను దవాఖానకు కాకుండ ఇంటి ముంగట వదిలేసి పోయిండు. ఆ పంజాబీ పోరడు బతుకలే. పని వీసాకు పోతే అక్కడి మీ మనిషిని ఆ యజమాని కాడికి పంపి, కొట్టం నిజంగ ఉన్నదో లేదో కండ్లతోని చూడుమనుండ్రి.

పక్కూరి పోరనికి ఇదే చెప్పిన. "మీ బావ మీ అక్కను, వాళ్ల పిల్లలను పిలిపించుకోవచ్చు. వాళ్ల అమ్మనాయినలను పిలిపించుకోవచ్చు. మీ అమ్మనాయినలు ఆయనకు అత్తమామలు కాబట్టి, వాళ్లు ఆయన మీద ఆధారపడి ఉంటే వాళ్లను గూడ పిలిపించుకోవచ్చు. నిన్ను మాత్రం ఈ వీసా మీద పిలిపించుకోలేడు. నువ్వు ఆయనకు ఎంత దగ్గరోనివైనా సరే." పోరడు చానసేపు ఏమనలే. పోయేటప్పుడు "మరి ఎకరం అమ్మొద్దంటవ్" అన్నడు. వద్దన్న.

మా అవ్వ నిన్న వీడియో కాల్ చేసింది. క్రెమోనా దిక్కు చలికాలంల మంచు ఎట్ల కమ్ముతదంటే ఎదురుంగ ఉన్న ఇల్లు గూడ కనవడదట. మోకాలు ఆపరేషన్ అయింది, మెల్లగ నడుస్తుంది. "వానకాలం నాట్లప్పుడు వస్తరా, టికెట్ తీసిండు అన్న" అన్నది. వచ్చి రెండు నెలలుంటది. నేను అవ్వ పర్మిట్ తారీఖు, పాస్‌పోర్టు తారీఖు మళ్లొకసారి చదివిపిచ్చుకున్న.